అంగుళంపావు పుస్తకం

మా ఊరి గానుగవీధి శాఖా గ్రంథాలయంలో పుస్తకం అనే మాటకు అర్థం మార్చేశారని నాకు ఆలస్యంగా తెలిసింది. తప్పు నాదే. ఆ సంగతి తెలుపుతూ గుమ్మం పక్కన నోటీసు అతికించారట. ఒక్క కాగితమే కావడంతో గాలికి ఎగిరిపోయిందట.

నేను వెళ్ళింది మా ఆవిడ పుస్తకం ఇవ్వడానికి.

మా ఆవిడ హైమవతి మరకల మనిషి. నేను బీయస్సీ కెమిస్ట్రీ చదివి, చక్కెర మిల్లులో కెమిస్టుగా ముప్పై నాలుగేళ్ళు పనిచేశాను. ఏ ఆమ్లం ఏ క్షారంతో కలిస్తే ఏమవుతుందో నాకు తెలుసు. చెరకు మడ్డి అంటుకున్న చొక్కా మళ్ళీ ఎలా తెల్లబడుతుందో ఆవిడకు తెలుసు. మా సంసారంలో మరకలు చేసే శాఖ నాది, తీసే శాఖ ఆవిడది.

గురువారం మధ్యాహ్నాలు ఆవిడ గ్రంథాలయానికి వెళ్ళేది. అక్కడ కిటికీ పక్కన ఆడవాళ్ళ బల్ల ఉంది. వారపత్రిక చదవడానికని వెళ్ళేది గానీ, రెండు పేజీలు తిరగేసేలోపే ఎవరో ఒకరు సంచిలోంచి చీరో, బడి చొక్కాయో తీసి ఆ బల్ల మీద పరిచేవారు.

"అక్కా, ఇది పోతాదేటి?"

ఆవిడ వేలితో తడిమి, వాసన చూసి, మందు చెప్పేది. ఇంటికొచ్చి రూళ్ళ పుస్తకంలో రాసుకునేది. 'పసుపు: సబ్బు పట్టించి ఎండలో వేయాలి. మిగతాది సూర్యుడు చూసుకుంటాడు.' 'తుప్పు: నిమ్మచెక్క, ఉప్పు.' 'జీడి: పోదు. పోతుందని చెప్పేవాళ్ళని నమ్మకూడదు.' అలా నలభై మరకలు పోగయ్యాయి.

పోయిన ఏడాది ఆసుపత్రిలో ఉన్నప్పుడు నా చెయ్యి దగ్గరికి లాక్కుని చెప్పింది: "ఆ రాతలు పుస్తకం వేయించండి. అమ్మడానికి కాదు. ఆ కిటికీ పక్క బీరువాలో ఒకటి పెట్టండి. గురువారం ఎవరైనా మరక పట్టుకుని వచ్చి, నేను లేనని వెనక్కి వెళ్ళిపోకూడదు."

సరేనన్నాను. ముప్పై తొమ్మిదేళ్ళలో ఆవిడ నన్ను అడిగిన పనులన్నిటిలోకీ ఇదే తేలికైందనుకున్నాను.

*

'నలభై మరకలు.' రచన: పొట్నూరు హైమవతి. నలభై ఎనిమిది పుటలు, మధ్యలో రెండు పిన్నులు. గ్రంథపాలకురాలు కృపావతి గారి చేతిలో పెట్టాను. ఆమె అట్ట మీది పేరును బొటనవేలితో నిమిరారు. ఆమె పెళ్ళిచీర మీది నూనె మరక తీసింది హైమవతే. నిలబడే నాలుగు పేజీలు చదివి నవ్వారు. ఆ తరవాత సొరుగులోంచి స్కేలు తీశారు.

"పుస్తకం చాలా బాగుందండి," అన్నారు కొలిచి. "కానీ ఇది పుస్తకం కాదండి."

"మరేమిటండీ?"

"అది ఇంకా నిర్ణయించలేదండి."

కొత్తగా కంప్యూటరు చదివే స్టిక్కర్లు వచ్చాయట. ప్రతి పుస్తకానికీ వెన్ను మీద, బీరువాలో పెడితే బయటికి కనిపించే వైపున, అతికించాలి. స్టిక్కరు వెడల్పు అంగుళంపావు. మడత పడితే యంత్రం చదవదు. కనక అంగుళంపావు మందం లేనిది ఇకమీదట పుస్తకం కాదు.

"కాస్త సన్నటి స్టిక్కర్లు దొరకవా అండీ?"

కృపావతి గారు గొంతు తగ్గించారు. "బీరువాలకు అతికించే కొలత ఎవరో పుస్తకాల కాలమ్‌లో రాసేశారండి. మూడు లక్షల స్టిక్కర్లు దిగాయి. ఇప్పుడు స్టిక్కర్లు ఎలా మారుస్తారండీ, వచ్చేశాయి కదా? పుస్తకాలైతే ఇంకా రావాల్సినవి ఉన్నాయి. అందుకని వాటినే మార్చుకోమన్నారు."

అటెండరు సింహాచలం చీపురు పక్కన పెట్టి వచ్చి, నా చేతిలోని పుస్తకాన్ని అటూ ఇటూ చూశాడు.

"ఏటి మేస్టారూ, అమ్మగోరి పుస్తకం మరీ బక్కగున్నాది. తిండెట్టనేదేటి?"

అనేసి నాలుక కరుచుకుని, గబగబా వెళ్ళి కుండలోంచి మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. నేను అడగలేదు. ఆ ఎండలో ఆ నీళ్ళు ఎంత చల్లగా ఉన్నాయో నాకిప్పటికీ గుర్తు.

తరవాత నన్ను సైకిల్ షెడ్డుకు తీసుకెళ్ళి చూపించాడు. పదకొండు గోనెసంచులు. శతకాలు, పిల్లల కథలు, కవిత్వం, నాటికలు. అన్నీ బక్కవే. లోపల బీరువాల్లో పోటీ పరీక్షల గైడ్లు, పాత టెలిఫోను డైరెక్టరీలు, రైళ్ళ రాకపోకల పట్టికలు, నిఘంటువులు దర్జాగా నిలబడి ఉన్నాయి. ఒక పాప నేలమీద కూర్చుని బొమ్మ దొరుకుతుందేమోనని టెలిఫోను డైరెక్టరీ తిరగేస్తోంది. 'క' దాకా వచ్చింది.

"జిల్లా ఆఫీసులో ధనుంజయరావు గారని సాంకేతిక పర్యవేక్షకులు ఉన్నారండి," అన్నారు కృపావతి గారు. "ఈ కొలతలన్నీ ఆయన చేతిలోనే ఉన్నాయి. ఒకసారి కనిపించండి."

*

జిల్లా ఆఫీసు వరండాలో ఏడుగురు మనుషులు ఒకే బెంచీ మీద ఇరుక్కుని కూర్చున్నారు. వాళ్ళలో ఆరుగురు కవులు. ఆరుగురికీ ఒకరంటే ఒకరికి పడదని వాళ్ళు కూర్చున్న తీరులోనే తెలుస్తోంది. అయినా విడివిడిగా ఎవరికీ వెన్ను చాలక, ఒకే అట్టలో చేరడానికి ఒప్పుకున్నారు. ఏడో ఆయనది కోళ్ళ పెంపకం. ఆయన వెన్నే అందరికన్నా లావు. అందుకని సంపుటికి ఆయన పుస్తకం పేరే పెట్టారు.

నా చేతిలోని పుస్తకం చూడగానే వాళ్ళ ముఖాల్లో ఆశ కనిపించింది.

"మాకింకా పావంగుళం తక్కువైందండి," అన్నాడొక కవి. "మీరూ రండి. నా విరహం పక్కన మీ మరకలు పెట్టుకోవచ్చు. నాకేం అభ్యంతరం లేదు."

"కోళ్ళ జబ్బులకీ ఈయన విరహానికీ మధ్య చోటుంది," అన్నాడు ఇంకో కవి. "అసలు అక్కడ తేడా తెలియడం లేదని చూసినవాళ్ళు బాధపడుతున్నారు కూడా."

నేను చేతులు జోడించాను. బడిచొక్కా మీద నేరేడు మరక పడిన తల్లి కోళ్ళ పెంపకం పుస్తకం ఎందుకు తెరుస్తుంది?

ధనుంజయరావు గారు తెల్లచొక్కా, తెల్లప్యాంటు వేసుకుని ఉన్నారు. మచ్చంటూ లేదు. మా ఆవిడ చూస్తే సంతోషించి ఉండేది. ఆయన మామూలుగా మాట్లాడరు. నోట్లోంచి ఉత్తర్వులే వస్తాయి.

"గ్రంథము అనగా వెన్ను కలిగినది," అన్నారు నా పుస్తకాన్ని వేళ్ళ కొసలతో పట్టుకుని. "వెన్ను అనగా అంగుళంపావునకు తక్కువ కానిది. తమరు సమర్పించినది తదనుగుణముగా లేదు."

"లోపల విషయం ఒకసారి చూస్తే..."

"విషయము మా పరిధిలోనిది కాదు. అది ఎంపిక సంఘము పరిధిలోనిది. సంఘము వరకు వెళ్ళుటకు ముందుగా ఇది గ్రంథము కావలెను. రచయిత్రి గారినే ఒకసారి రమ్మనండి. విషయము విస్తరింపజేయుటకు సలహా ఇచ్చెదము."

"ఆవిడ లేరండి."

"ఎప్పటికి వచ్చెదరు?"

"రారండి."

ఆయన కళ్ళజోడు తీసి, తుడుచుకుని, పెట్టుకున్నారు. తన వైపు తిరిగి ఉన్న టేబుల్ ఫ్యాన్‌ను నా వైపు తిప్పారు. ఆ కాసేపూ ఆయన అధికారి కాదు.

"కొలతలో మాత్రము సడలింపునకు వీలులేదండి," అన్నారు చివరికి. ఆ చివర 'అండి' ఏ ఉత్తర్వులోనూ లేదని నాకు తెలుసు.

*

ప్రెస్సు చిట్టిబాబు నా గోడు విని తేలిగ్గా నవ్వాడు.

"దీనికింత ఆలోచనేటండి మేస్టారూ! మీ పుస్తకం మూడు ఫారాలు. ఫారానికి పదహారు పేజీలు. ఎనక ఇంకో ఇరవయ్యేడు ఫారాలు తెల్లకాగితం కలిపి కుట్టేస్తాను. దళసరి కాగితం ఏస్తాను. ముప్పై ఫారాలు! నిలబెడితే సిపాయిలాగ నిలబడతాది."

"ఉత్త తెల్లకాగితమే?"

"మరేటి? ఆళ్ళు వెన్ను అడిగినారు. కడుపులో ఏటున్నాదని అడిగినారా?"

వారం రోజుల్లో పుస్తకం తయారైంది. నాలుగు వందల ఎనభై పుటలు. నలభై ఎనిమిదింటిలో హైమవతి, మిగతా నాలుగు వందల ముప్పై రెండింటిలో ఏమీ లేదు. చేత్తో పట్టుకుంటే బరువుగా ఉంది. ఈ ఏడాదిగా మా ఇల్లు కూడా దాదాపు ఈ లెక్కలోనే ఉందనిపించింది గానీ, ఆ మాట చిట్టిబాబుతో అనలేదు.

ధనుంజయరావు గారు స్కేలు పెట్టి చూశారు. ముఖం వికసించింది. పేజీలు తిప్పారు. ముఖం ముడుచుకుంది.

"ఖాళీ పుటలు కలవు."

"అవునండి."

"ఖాళీ పుటలు సగమునకు మించినచో అది నోటుబుక్కు. నోటుబుక్కు స్టేషనరీ విభాగము. వారు దీనిని సిబ్బందికి పంచిపెట్టెదరు."

"మరి ఏం చేయమంటారండీ?"

ఆయన చాలాసేపు ఆలోచించారు. ఆయన ఆలోచించేది నా పుస్తకాన్ని తిప్పి పంపడానికి కాదని, లోపలికి తెచ్చుకోవడానికేనని నాకు అర్థమైంది. మనిషి మంచివాడే. దారి మాత్రం ఫైళ్ళ మధ్య నుంచే ఉంది.

"ప్రతి పుట మీదను 'ఈ పుట ఖాళీగా ఉంచబడినది' అని ముద్రించవలెను. అప్పుడు ఖాళీ కాదు."

చిట్టిబాబు అచ్చువేసి, మళ్ళీ కుట్టాడు. మళ్ళీ వెళ్ళాను. ధనుంజయరావు గారు నలభై తొమ్మిదో పుట తెరిచి, ఆ వాక్యాన్ని మూడుసార్లు చదివారు.

"పొరపాటు జరిగినది," అన్నారు. "పుట ఖాళీగా ఉంచబడినది అని వ్రాసి ఉన్నది. వ్రాసి ఉన్నందున పుట ఖాళీగా లేదు. కనుక వాక్యము అసత్యము. ఒకే అసత్యము నాలుగు వందల ముప్పై రెండు పర్యాయములు. ఆడిట్ వారు ఊరుకోరు."

నిజమే మరి. బీయస్సీ చదివిన నాకే తట్టలేదు. ఇద్దరం కలిసి మధ్యాహ్నమంతా కూర్చున్నాం. ఆయన రెండుసార్లు టీ తెప్పించారు. చివరికి వాక్యం ఇలా కుదిరింది: 'ఈ వాక్యం తప్ప ఈ పుట ఖాళీ.'

"ఇది సత్యము," అన్నారాయన తృప్తిగా. "అయితే సత్యమని ఒక గెజిటెడ్ అధికారి పుటపుటకు ధ్రువీకరించవలెను."

*

మా ఊళ్ళో నాకు తెలిసిన గెజిటెడ్ అధికారి పశువుల డాక్టరు ఒక్కరే. ప్రెస్సులో మూడోసారి కుట్టిన పుస్తకం ఆయన ముందు పెట్టి, సంగతి చెప్పాను. గేదెకు సూది వేస్తూనే విన్నారు.

"నాలుగు వందల ముప్పై రెండా? రోజుకి ముప్పై చొప్పున కానిద్దాం మాస్టారూ. ఒక్కసారే చేస్తే నా సంతకం నాకే అనుమానం వస్తుంది."

పదిహేను రోజులు పశువుల ఆసుపత్రికి వెళ్ళాను. ఆయన ప్రతి పుటనూ నిజంగానే చూసి, ఖాళీగా ఉందని నిర్ధారించుకుని, సంతకం పెట్టేవారు. పెట్టబోయే ముందు వెనక్కి తిప్పి మా ఆవిడ రాసిన నాలుగు లైన్లు చదివేవారు. పదో రోజున కాంపౌండరును పిలిచి, "పేడ మరక గురించి ఈవిడ చెప్పింది కరెక్టోయ్," అన్నారు. ఒక మనిషి మా ఆవిడను వరసగా పదిహేను రోజులు చదివాడు. నాకు ఆ ప్రయాణం భారమనిపించలేదు.

పుస్తకం ఎంపిక సంఘానికి వెళ్ళింది. నెలన్నరకు నివేదిక వచ్చింది. కృపావతి గారు నాకు చదివి వినిపించారు:

'మొదటి నలభై ఎనిమిది పుటలలో రచయిత్రి శైలి సరళముగా ఉన్నది. తదుపరి భాగములో రచన అసాధారణమైన క్లుప్తతను సంతరించుకున్నది. కొంత పునరుక్తి దోషము కనిపించుచున్నను, అది భావబలమునకే తోడ్పడుచున్నది. ముగింపు మొదటి నుండియు ఊహించినదే అయినను, తృప్తికరము. ఆమోదించడమైనది.'

"మొత్తం చదివారండీ!" అన్నారు కృపావతి గారు.

"చదివారు," అన్నాను. నాకు మాత్రం వ్యంగ్యంగా అనాలనిపించలేదు. ఎవరో ఒకరు చివరి పుట దాకా తిప్పారు కదా.

సింహాచలం వెన్ను మీద స్టిక్కరు అతికించాడు. మడత పడలేదు. యంత్రం కీచుమని అరిచి, తెరమీద 'హైమవతి, పొట్నూరు' అని చూపించింది. కిటికీ పక్క బీరువాలో, రెండో అరలో, రైళ్ళ పట్టికకూ పోటీ పరీక్షల గైడుకూ మధ్య నిలబెట్టాం. నిజంగానే సిపాయిలా నిలబడింది.

ఇక్కడితో కథ అయిపోవాలి. కానీ మా ఊరివాళ్ళ సంగతి ఎంపిక సంఘానికి తెలియదు.

*

మా ఊళ్ళో ఖాళీ కాగితాన్ని ఎవరూ ఖాళీగా వదలరు. శుభలేఖ వెనక చాకలిపద్దు రాస్తారు, క్యాలెండరులో అమావాస్య పక్కన గేదె చూడి కట్టిన తేదీ రాస్తారు. అలాంటి మనుషుల చేతికి నాలుగు వందల పైచిలుకు దళసరి తెల్ల పుటలు ఇంటికి తీసుకెళ్ళమని ఇస్తే ఏమవుతుంది?

మొదటి రాత నలభై తొమ్మిదో పుటలో కనిపించింది. అచ్చువాక్యం కిందా, పశువుల డాక్టరు సంతకం పైనా, ఆకుపచ్చ ఇంకుతో: 'తాటిముంజి డాగు: ముందుగా చన్నీళ్ళే. వేడినీళ్ళు పోస్తే ఉండిపోద్ది. హైమక్క ఇది నాకు నోటితో చెప్పింది, రాయడం మరిచిపోయినట్టుంది.'

నేను ఆ పుట దగ్గర కాసేపు ఆగిపోయాను. ఆ సంగతి నాకు తెలియదు. పోయిన మనిషి గురించి కొత్త సంగతి తెలియడం ఎలా ఉంటుందో, తెలిసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు.

తరవాత ఆపేవాళ్ళు లేకపోయారు. గోరింటాకు, సైకిలు గొలుసు గ్రీజు, గుమ్మాల పెయింటు, పెళ్ళిలో పడిన సాంబారు. 'పక్క పేజీలో చెప్పింది చేశాను, రంగు కూడా పోయింది, జాగ్రత్త,' అని ఒకరు. 'నీ చీర రంగే అంత, మందుని అనకు,' అని కింద ఇంకొకరు. పశువుల ఆసుపత్రి కాంపౌండరు రెండు వందల మూడో పుటంతా చక్కటి దస్తూరీతో నింపాడు. పుస్తకం బీరువాలో ఒక్క పూట కూడా ఉండడం లేదు. బక్క పుస్తకాలు పోయాక ఆ గ్రంథాలయానికి రావడం మానేసిన ఆడవాళ్ళు మళ్ళీ గురువారాలు రాసాగారు.

ఆరు నెలలకు వార్షిక తనిఖీ వచ్చింది.

*

ధనుంజయరావు గారు అవే తెల్లబట్టల్లో వచ్చారు. సాయంత్రం నాలుగింటికి కొత్త భవనానికి శంకుస్థాపన ఉంది, పెద్దలు వస్తున్నారు, ఆయన వేదిక మీద నిలబడి ప్రగతి నివేదిక చదవాలి. ఈలోగా మా శాఖ చూసి వెళ్దామని వచ్చారు. అది గురువారం. కిటికీ బల్ల నిండుగా ఉంది. నేను ఆ మూల పేపరు చదువుకుంటున్నాను.

ఆయన స్టిక్కర్లన్నీ చూసి మెచ్చుకున్నారు. తరవాత, తన చేత్తో దారి చూపిన పుస్తకం కదా, ఆప్యాయంగా 'నలభై మరకలు' తీసి మధ్యలో తెరిచారు.

"ఏమండీ ఇది?"

కృపావతి గారు లేచి నిలబడ్డారు. ఆయన పుట తరవాత పుట తిప్పారు. చెవులు ఎర్రబడ్డాయి.

"'ఈ వాక్యం తప్ప ఈ పుట ఖాళీ' అని అచ్చయి ఉన్నది. కింద సాంబారు ఉన్నది! గెజిటెడ్ అధికారి సంతకము ఉన్నది! అనగా ఆయన సాంబారును ఖాళీ అని ధ్రువీకరించినట్లు! ఇట్టివి అరువదియొక్క పుటలు!"

"చదువుకునేవాళ్ళు రాశారండి," అన్నారు కృపావతి గారు మెల్లగా.

"చదువుకొనువారు చదువుకొనవలెను. వ్రాయుట వేరే విభాగము. మీకు మెమో ఇచ్చెదను. ఈ గ్రంథము రద్దు చేయుచున్నాను. సింహాచలం, 'రద్దు' ముద్ర తీసుకురా."

పుస్తకం పోతే పోయింది, ఇంకోటి కుట్టించవచ్చు. ఆ అరవై ఒక్క పుటలు ఎక్కడ కుట్టిస్తారు? పైగా నా మూలంగా కృపావతి గారికి మెమో. లేచి వెళ్ళి చేతులు జోడించాను. "ఆవిడ అడిగింది ఇదొక్కటేనండి," అన్నాను.

ఆయన నా ముఖం చూడలేదు. చూస్తే ముద్ర వేయలేననుకున్నారేమో.

'రద్దు' ముద్ర ఏళ్ళుగా వాడింది కాదు. సిరాపెట్టె ఎండిపోయి ఉంది. సింహాచలం దాని మీద సీసాలోంచి ఊదా సిరా పోశాడు. రాకపోతే సీసాని గట్టిగా దులిపాడు. అప్పుడు వచ్చింది. పెట్టె మీద సగం, ధనుంజయరావు గారి చొక్కా మీద సగం.

గోడ గడియారంలో మూడూ పది.

"అయ్యబాబోయ్," అన్నాడు సింహాచలం. "సార్, నాను కావాలని సెయ్యనేదు."

ధనుంజయరావు గారు తన రొమ్ము వైపు చూసుకున్నారు. ఆ క్షణాన ఉత్తర్వుల భాష ఆయన్ని వదిలేసింది.

"అమ్మో, ఇప్పుడెలా? మా ఇల్లు ఇరవై మైళ్ళు!"

కిటికీ బల్ల దగ్గర గాజుల చప్పుడయింది. నలుగురైదుగురు లేచి వచ్చి ఆయన చుట్టూ నిలబడ్డారు.

"రుద్దకండి బాబూ, రుద్దకండి! యెడల్పవుద్ది."

"ఇంకు డాగు ముప్పై ఒకటో పేజీ కాదేటే?"

"అది నిమ్మచెక్క. రోజు పడతాది. ఈ బాబుకి గంట నేదు. కాంపౌండరు రాసినాడు కదా, రెండొందల మూడు!"

అందరూ పుస్తకం వైపు చూశారు. అది ఆయన చేతిలోనే ఉంది.

"సార్," అన్నారు కృపావతి గారు, ఎంతో వినయంగా. "రద్దు చేస్తున్న పుస్తకం వాడకూడదని మీ ఉత్తర్వే ఉందండి."

నాకు ఆమె ధైర్యం చూసి ముచ్చటేసింది. ధనుంజయరావు గారు ఒక్క క్షణం ఆలోచించారు. వేదిక మీద ఊదా రొమ్ముతో ప్రగతి నివేదిక చదువుతున్నట్టు ఊహించుకున్నారేమో.

"రద్దు తాత్కాలికముగా నిలుపుదల చేయడమైనది," అన్నారు.

రెండు వందల మూడో పుట: 'ముద్ర సిరా. దూదిని స్పిరిట్‌లో తడిపి అద్దాలి. రుద్దరాదు. వెనక తెల్లగుడ్డ పెట్టాలి. ఐదు నిమిషాలు. తరవాత సబ్బు.' సింహాచలం సైకిలేసుకుని పశువుల ఆసుపత్రికి పరిగెత్తాడు. స్పిరిట్‌తో పాటు కాంపౌండరు కూడా వచ్చాడు, తన రచన ఎలా పనిచేస్తుందో చూసుకోవాలి కదా. ధనుంజయరావు గారు చొక్కా విప్పి ఇచ్చి, బనీనుతో రైళ్ళ పట్టికల వెనక కూర్చున్నారు. నేను నా కండువా ఇచ్చాను. కప్పుకున్నారు.

చొక్కాను ఆడవాళ్ళ బల్ల మీదే పరిచారు. హైమవతి కూర్చునే చోట. అద్దారు, తిప్పారు, మళ్ళీ అద్దారు. ఉతికి, కిటికీ ఊచలకు ఆరేశారు. మూడూ నలభైకి చొక్కా తెల్లగా, కొంచెం తడిగా ఆయన ఒంటి మీదికి వచ్చింది.

ఆయన బొత్తాలు పెట్టుకున్నారు. ఒక్కో బొత్తాం పెట్టుకుంటున్నకొద్దీ ఉత్తర్వుల భాష తిరిగి వస్తోంది.

"గ్రంథము ప్రత్యక్ష పరిశీలనలో ఉపయోగకరమని తేలినది. మెమో అవసరము లేదు," అన్నారు. "అయినను అసత్యము అసత్యమే. అచ్చయిన వాక్యమును కొట్టివేయుటకు నాకు అధికారము లేదు. గెజిటెడ్ సంతకము కలదు." గడియారం వైపు చూసి, మళ్ళీ ఆలోచించారు. శంకుస్థాపన ఆలస్యమైనా ఈ చిక్కు విప్పందే ఆయన కదలరు. "చేర్చుటకు మాత్రము అధికారము కలదు. ఒక్క మాట చేర్చిన సత్యమగును. ముద్ర చేయించి పంపెదను. వ్రాత పడిన ప్రతి పుట మీదను వేయండి."

వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగి, సిగ్గుపడుతూ నాతో అన్నారు: "మా ఇంట్లో ఒక దుప్పటి మీద దానిమ్మ మరక ఉందండి. ఏ పేజీ?"

*

పది రోజులకు ముద్ర వచ్చింది. చిన్నది, ఒక్కటే మాట. సింహాచలం ఈసారి సిరా జాగ్రత్తగా పోసి, అరవై ఒక్క పుటల్లోనూ అచ్చువాక్యానికి ముందు దాన్ని వేశాడు. ఇప్పుడక్కడ ఇలా ఉంటుంది:

'ఒకప్పుడు ఈ వాక్యం తప్ప ఈ పుట ఖాళీ.'

ప్రభుత్వ ముద్రల్లో ఇంత మంచి మాట నేను ఇంకెక్కడా చూడలేదు.

కంప్యూటరులో కూడా పేరు సవరించారు. 'హైమవతి, పొట్నూరు, మరియు ఇతరులు.' ఆ 'ఇతరులు' ఇప్పటికి నూట పన్నెండు మంది. సైకిల్ షెడ్డులోని సంచుల సంగతి కూడా కదిలింది. పిల్లల కథలన్నిటికీ తలా ఇరవై తెల్ల ఫారాలు కలిపి కుట్టమని చిట్టిబాబుకు ఆర్డరు వచ్చింది. డైరెక్టరీలో 'మ' దాకా వచ్చిన ఆ పాపకు రంగు పెన్సిళ్ళు కొనిపెట్టాను.

నిన్న గురువారం. నాకు ఆ పుస్తకం ఒక వారం ఇంట్లో ఉంచుకోవాలనిపించింది. అచ్చు కాపీలు నా దగ్గర బోలెడున్నాయి, కానీ వాటిలో ఇతరులు లేరు. కృపావతి గారు రిజిస్టరు చూశారు.

"బయటికి వెళ్ళిందండి. మీకన్నా ముందు పదమూడు మంది ఉన్నారు. మీకోసం కాస్త ముందుకు జరపనా?"

"వద్దండి," అన్నాను. "వరసలోనే రానివ్వండి."

కిటికీ పక్క బీరువాలో, రెండో అరలో, రైళ్ళ పట్టికకూ గైడుకూ మధ్య సరిగ్గా అంగుళంపావు ఖాళీ ఉంది. పేపరు పట్టుకుని కిటికీ బల్ల చివర కూర్చుని, దాన్నే చూస్తున్నాను.

అంతలో ఒక కొత్త పెళ్ళికూతురు సంచి పట్టుకుని వచ్చింది. ఇంతకు ముందెప్పుడూ చూడలేదు. "మరకల పుస్తకం ఉందాండీ?" అని అడిగింది. లేదని తెలిసి వెనక్కి తిరిగింది. గుమ్మం దాకా వెళ్ళింది కూడా.

"ఏయ్ పిల్లా," అన్నారు కిటికీ బల్ల దగ్గర. "ఎక్కడికెళ్ళిపోతన్నావు? ఇలాగ తే, సూపించు."

ఆ అమ్మాయి వచ్చి సంచిలోంచి చీర తీసింది. నేను నా పేపరు మడిచి, బల్ల మీద చోటిచ్చాను.